బూజు పట్టిన తూటాలు

షట్టరు సగం ఎత్తగానే కస్తూరికి బయట కాళ్ళు కనిపించాయి. పొలం మట్టి అంటిన చెప్పులు, సెక్యూరిటీ గార్డుల నల్లబూట్లు, ఎవరివో కొత్త తెల్లబూట్లు. నిన్నటికంటే ఎక్కువే ఉన్నాయి. మిగతా సగం ఎత్తడానికి ఆమెకు చెయ్యి రాలేదు.

నంద్యాలలో ఆ తుపాకుల కొట్టు ఆమె తండ్రి వీరభద్రప్ప పెట్టింది. ఆయన బతికున్న రోజుల్లో పట్టుమని నలుగురు వస్తే ఆ రోజు బేరం బాగా జరిగినట్టే. బ్యాంకుల ముందు కాపలా కాసే మాజీ సైనికులు, నల్లమల అంచున పంటలు వేసుకుని అడవిపందుల బెడదకు లైసెన్సు తుపాకి పెట్టుకున్న రైతులు, పోటీలకు వెళ్ళే కుర్రవాళ్ళు కొందరు, అంతే. అలాంటిది ఈ ఎండాకాలం నుంచి తూటాలకు కరువు వచ్చిపడింది. తూటా పెట్టి ట్రిగ్గరు నొక్కితే టక్కుమని చప్పుడు తప్ప ఏమీ రావడం లేదు. విప్పి చూస్తే లోపలి మందు బూడిదలా రాలుతోంది. తేమ వల్ల అన్నారు కొందరు. నాసిరకం సరుకు అన్నారు ఇంకొందరు. ఫ్యాక్టరీలు కొత్తగా చేసి పంపేవి పోలీసులకే చాలడం లేదు. దుకాణాలకు వచ్చే నాలుగు పెట్టెల ధరా పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

కస్తూరి దగ్గర మాత్రం పేలే తూటాలు ఉన్నాయి. వీరభద్రప్ప ఒకప్పుడు ఊరి బయట షూటింగ్ క్లబ్బు నడిపాడు. స్థలం లీజు అయిపోయి క్లబ్బు మూతపడ్డాక మిగిలిపోయిన సరుకంతా కాగితాల ప్రకారం కొట్టుకు మార్పించి, వెనక గోదాములో పెట్టాడు. గాలి చొరకుండా మూత అతికించిన రేకు డబ్బాలవి. ఆయన పోయాక కూడా వాటి జోలికి ఎవరూ పోలేదు. కరువు మొదలయ్యాక కస్తూరి ఒక డబ్బా కోసి, రెండు తూటాలు పరీక్షగా పేల్చి చూసింది. ఉరుము ఉరిమినట్టు పేలాయి. ఆ వారమే డబ్బాలన్నీ కోసి, తూటాలను చిన్న చిన్న అట్టపెట్టెల్లో సర్ది అమ్మకానికి పెట్టింది. లైసెన్సు ఉన్నవాళ్ళకే, వాళ్ళకు అందులో రాసి ఉన్నంత వరకే అమ్మింది. ధర మాత్రం పెంచింది. అందరూ పెంచారు. తను అందరికంటే కాస్త తక్కువే పెంచానని తనకు తనే చెప్పుకునేది.

కౌంటరు మీద డబ్బు పెరిగిన కొద్దీ ఆమెకు భయం కూడా పెరిగింది. పేరు చెప్పని వాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. "లైసెన్సు సంగతి తర్వాత చూసుకుందాం తల్లీ, స్టాకు ఎంత ఉందో చెప్పు" అంటూ మెత్తగా అడుగుతున్నారు. అలాంటి ఫోను వచ్చిన రోజు ఆమె గోదాముకు ఇంకో తాళం వేసేది.

ఆ పొద్దున వరుసలో ముందున్నవాడు మద్దిలేటి. ఎర్రవంకపల్లె రైతు, వీరభద్రప్పకు చిన్ననాటి స్నేహితుడు. ఆయనకో తుపాకి, కొడుకు రంగస్వామికో తుపాకి ఉన్నాయి.

"ఎట్లున్నావు పాపా? చిక్కిపోయినావే" అన్నాడు లోపలికి వంగి చూస్తూ.

"బాగున్నా చిన్నాయనా. చేను ఎట్లుంది?"

"చేనా? పందులు ఒక రాత్రి దిగినాయంటే శెనక్కాయ చెట్టు ఒగటి మిగలదు. గాల్లోకి పేల్చి బెదరగొడదామంటే టక్, టక్. పందులు గుడక నవ్వుతాండాయి మమ్మల్ని చూసి." తండ్రీ కొడుకుల లైసెన్సు పుస్తకాలు రెండూ బల్ల మీద పెట్టాడు. "మా ఇద్దరికీ ఎన్ని రాసింటే అన్నీ ఇచ్చెయ్. రేపు ఎంత అయితాదో ఎవరికి తెలుసు?"

కస్తూరి లెక్కపెట్టి ఇచ్చింది. ఆయన దగ్గర మాత్రం పాత ధరే తీసుకుంది. మద్దిలేటి సంతోషంగా పెట్టెలను తువ్వాలులో మూటగట్టుకుని పోయాడు.

రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం అన్నం వేళకు చెల్లెలు నీరజ వచ్చింది. అక్కచెల్లెళ్ళిద్దరూ కొట్టు పైన ఉన్న ఇంట్లోనే ఉంటారు. కానీ వానాకాలం నుంచి నీరజ వారానికి ఒకసారి వస్తే గొప్ప. మిగతా రోజుల్లో తను పనిచేసే ప్రయోగశాలలోనే పడుకునేది. ఆమె చేతులు స్పిరిట్ వాసన కొడుతుండేవి. ఎంత కడుక్కున్నా మళ్ళీ కడుక్కునేది.

వంటింటి గట్టు మీద కోసిన రేకు డబ్బా ఒకటి ఉంది. కస్తూరి దాంట్లో కందిపప్పు పోసుకుంది. నీరజ దాన్ని చూసి, చేతిలో ముద్ద అలాగే పట్టుకుని ఆగిపోయింది.

"ఇది నాయన క్లబ్బు డబ్బా కదా? ఎవరు కోసినారు?"

"నేనే. అమ్ముతున్నా కదా, ఫోన్లో చెప్పినా. నువ్వు విన్నావో లేదో."

"అన్నీ కోసినావా? గోదాములోనేనా?"

"మరి నడివీధిలో కోస్తారా? ఏమయింది నీకు?"

నీరజ ముద్దను కంచంలో వదిలేసింది. "అక్కా, నా బూట్లు గోదాములో ఉన్నాయి. పోయిన వానల్లో బావుల దగ్గర పని చేసినప్పటి బూట్లు. మట్టితో సహా సంచిలో వేసి అక్కడ పెట్టినా."

కస్తూరికి అర్థం కాలేదు. బూట్లకూ తూటాలకూ సంబంధం ఏమిటి? ఆ సంచిని ఆమె చూసింది కూడా. అడ్డంగా ఉందని తనే విప్పి, బూట్లు దులిపి గోడకు ఆనించింది. ఆ మాట చెప్పగానే చెల్లెలి ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"ప్రతి పెట్టెలోంచి ఒక తూటా తీసుకో. నాతో రా" అంది నీరజ. "దారిలో చెప్తా. ఎవరికీ అమ్మొద్దు. కొట్టు మూసెయ్."

ఊరి బయటి ప్రయోగశాలకు పోయే దారి పొడుగునా నీరజ చెబుతూనే ఉంది. స్కూటరు వెనక కూర్చుని, అక్క చెవి దగ్గర నోరు పెట్టి, గాలికి మాటలు తెగిపోతుంటే మళ్ళీ మొదలుపెట్టి చెప్పింది. ఆమె పని సంగతి కస్తూరికి కొంత తెలిసిందే. కొండల అవతల మూతపడిన మందుగుండు ఫ్యాక్టరీ ఒకటుంది. దాని వ్యర్థాలు భూమిలోకి దిగి చుట్టుపక్కల బావులన్నీ విషమైపోయాయి. పిల్లల ఒళ్ళంతా నీలంగా మారేది. ఆ విషాన్ని తినే బూజును తయారు చెయ్యడానికి నీరజ తన పడుచుతనమంతా ధారపోసింది. రెండు వానాకాలాల కిందట దాన్ని ఆ నేల మీద చల్లారు. బావులు బాగుపడ్డాయి. నీరజ ఒక బావిలో నీళ్ళు చేదుకుని అందరి ముందూ తాగింది. ఆ రోజు కస్తూరి వీధిలో అందరికీ స్వీట్లు పంచింది.

ఆ బూజు అక్కడితో ఆగలేదని మాత్రం ఆమెకు తెలియదు.

"నేలలో ఉన్నది అయిపోయినాక చచ్చిపోతుందనుకున్నాం. చావలేదు. గాలికి పోయింది, లారీ చక్రాలకు అంటుకుని పోయింది. తూటా మందులో ఉన్నదీ అదే విషం. మూతి సందులోంచి లోపలికి దూరి దాన్ని తింటోంది. దేశంలో తూటాలు తుస్సుమంటున్నది దాని వల్లే అని మాకు పోయిన నెల అనుమానం వచ్చింది. ఈ నెల గట్టిపడింది."

కస్తూరి స్కూటరు ఆపేసింది. "అయితే నా తూటాలు కూడా తుస్సుమంటాయి. అంతే కదా? డబ్బు వాపసు ఇచ్చేస్తా."

"తుస్సుమంటే నేనెందుకు భయపడతా అక్కా?" అంది నీరజ.

ప్రయోగశాల వెనక, ఇసుక బస్తాల మధ్య ఉక్కు గొట్టం ఒకటి బిగించి ఉంది. మందపాటి అద్దం వెనక నిలబడి మీట నొక్కితే అందులోని తూటా పేలుతుంది. పెద్దాయన సేతుమాధవరావు కూడా వచ్చాడు. ప్రయోగశాల అధిపతి ఆయనే. నీరజ ముందుగా ఒక తూటాను కోసి, మందు పలుకులను గాజు పలక మీద పోసి, భూతద్దం కింద పెట్టి అక్కను చూడమంది.

"మంచి మందు పలుకు నున్నగా మెరుస్తుంది. పైన పూత ఉంటుంది కాబట్టి అది నిదానంగా, ఒక పద్ధతిలో మండుతుంది. ఇవి చూడు."

పలుకులు గరుకుగా ఉన్నాయి. పగుళ్ళలో ఊదారంగు నూగు కనిపించింది.

"అది ముందు పూతను తింటుంది. మందును తినడం తర్వాతి సంగతి. మొత్తం తినేస్తే తుస్సే. ఈలోపల మాత్రం..." అంటూ ఇంకో తూటాను గొట్టంలో పెట్టించి మీట నొక్కింది.

మామూలుగానే పేలింది. మరొకటి పెట్టారు. టక్కుమంది. ఏమీ కాలేదు. కస్తూరి ఊపిరి వదిలింది. సేతుమాధవరావు గొట్టం దగ్గరికి వెళ్ళబోతూ తలుపు గడియ మీద చెయ్యి వేశాడు.

"ఆగండి సార్!" అని నీరజ అరిచింది.

అరుపు పూర్తికాకముందే గది అదిరింది. అద్దం మీద ఇసుక దరువేసినట్టు కొట్టుకుంది. పొగ పలచబడ్డాక చూస్తే ఉక్కు గొట్టం అరటిబోదెను చీల్చినట్టు నిలువునా చీలి ఉంది.

"నిప్పు లోపల కాసేపు రగులుతుంది. ఆ తర్వాత మందంతా ఒక్కసారే అంటుకుంటుంది" అంది నీరజ. "ఏ తూటా మామూలుగా పేలుతుందో, ఏది తుస్సుమంటుందో, ఏది ఇట్లా చేస్తుందో బయటి నుంచి చూసి చెప్పలేం."

కస్తూరి కళ్ళ ముందు మద్దిలేటి తువ్వాలు మూట కదిలింది.

సేతుమాధవరావు కుర్చీలో కూలబడ్డాడు. "ఈ సంగతి మన ముగ్గురి మధ్యే ఉండాలి" అన్నాడు. "నేను పైవాళ్ళకు చెప్తాను. వాళ్ళు చెప్పమన్నాక చెబుదాం. దేశంలో ఏ తుపాకినీ నమ్మడానికి లేదని ఈ రోజు బయటికి పొక్కితే రేపు ఎన్ని బ్యాంకులు, ఎన్ని ఇళ్ళు దోచుకుపోతారో ఆలోచించండి. పైగా నీరజా, బూజును చేసింది నువ్వు. అందరికంటే ముందు జనం చేతికి చిక్కేది నువ్వే."

ఆయన బెదిరించడం లేదు. నిజంగానే భయపడుతున్నాడు. అందుకే కస్తూరికి ఆ మాట ఇంకా లోతుగా దిగింది.

బయటికి రాగానే ఆమె చెల్లెలి భుజాలు పట్టుకుంది. "నేను అమ్మినవన్నీ నేను వెనక్కి తెస్తా. నువ్వు ఎవరికీ ఏమీ చెప్పొద్దు. నా మీద ఒట్టు."

"అక్కా, కారణం చెప్పకుండా అడిగితే..."

"ఒట్టు పెట్టమన్నానా లేదా?"

నీరజ తలూపింది.

ఊళ్ళో కొన్నవాళ్ళతో కష్టం కాలేదు. బ్యాంకు కాపలావాళ్ళు సణుక్కుంటూనే తిరిగి ఇచ్చేశారు. పోటీల కుర్రవాళ్ళు ఇంకా పెట్టెలు విప్పనేలేదు. మిగతా పల్లెల రైతులు వాటిని ముట్టమని ఫోన్లోనే మాట ఇచ్చారు. ఇక మిగిలింది మద్దిలేటి ఒక్కడే. ఆయన ఫోను మోగుతోంది గానీ ఎత్తడం లేదు. అక్కచెల్లెళ్ళిద్దరూ ఎర్రవంకపల్లెకు బయలుదేరారు. దారిలో ఎక్కడ ట్రాక్టరు సైలెన్సరు ఫట్టుమన్నా కస్తూరి స్కూటరును ఇంకా వేగంగా పోనిచ్చేది.

వాళ్ళు చేరేసరికి ఎండ వాలుతోంది. మద్దిలేటి ఇంటి ముందు ఎద్దులబండి మీద కూర్చుని పలుపుతాడు పేనుతున్నాడు. పక్కింటి పుల్లయ్య, ఇంకో ఇద్దరు రైతులు అరుగు మీద ఉన్నారు. మద్దిలేటి భార్య ఈరమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"చిన్నాయనా, మొన్న నేనిచ్చిన తూటాలు వెనక్కి ఇచ్చెయ్యి. డబ్బు తెచ్చినా" అంది కస్తూరి, నీళ్ళు కూడా తాగకుండా.

మద్దిలేటి పలుపు పక్కన పెట్టాడు. "ఏంటికి పాపా?"

"చెడిపోయినాయి."

"చెడిపోయినాయా? నిన్న పొద్దుగూకేటప్పుడు రెండు పేల్చినాం. కొండంతా మోగింది. ఇంత మంచి సరుకు ఈ మధ్యన నేను చూడలే."

"కొన్ని బాగానే పేలతాయి. కొన్ని... తుపాకి పగిలిపోతుంది చిన్నాయనా."

"ఎట్ల పగులుతాది? ఎందుకు పగులుతాది?"

నీరజ నోరు తెరవబోయింది. కస్తూరి ఆమె చెయ్యి గట్టిగా నొక్కింది. "పాత సరుకు కదా. అందుకే" అంది.

అరుగు మీద పుల్లయ్య నవ్వాడు. "నీకు అర్థం కాలేదా మద్దిలేటన్నా? ధర ఇంకా పెరిగింటాది. హైదరాబాదోళ్ళు ఎవరో రెండింతలు ఇస్తామనింటారు. నీకు పాతధరకు ఇచ్చినందుకు ఇప్పుడు కడుపు మండుతాంది."

"అట్లా కాదు పుల్లయ్యా..."

"మరెట్లమ్మా? చెడిపోయిన సరుకుకు డబ్బు వాపసిచ్చే యాపారస్తుణ్ణి నేనింతవరకు చూడలే."

మద్దిలేటి నవ్వలేదు. అదే కస్తూరికి ఎక్కువ బాధ అనిపించింది. "మీ నాయన ఉన్నప్పుడు ఇట్లా లేదు పాపా" అన్నాడు మెల్లగా. "కావాలంటే ఇంకొంచెం డబ్బు అడుగు, ఇస్తా. తూటాలు మాత్రం ఇయ్యను. ఈ పంట పోతే మాకు ఇంకోటి లేదు."

ఏం చెప్పినా వాళ్ళ చెవికెక్కదని కస్తూరికి తెలిసిపోయింది. అసలు సంగతి దాచి పక్కసంగతి చెబుతుంటే ఆమె మాటే ఆమెకు అబద్ధంలా వినిపిస్తోంది. "అయితే చూపిస్తా. నీ తుపాకి తెప్పించు" అంది.

తుపాకిని బండి చక్రానికి పలుపుతో కట్టారు. మూతి కొండవైపు తిప్పి, ట్రిగ్గరుకు సన్నతాడు ముడివేసి, కస్తూరి అందరినీ గోడ వెనక్కి పంపింది. తాడు లాగింది. తూటా మామూలుగా పేలింది. కాకులు లేచాయి. ఇంకోటి పెట్టి లాగింది. అదీ పేలింది. పుల్లయ్య చప్పట్లు కొట్టాడు. మూడోది టక్కుమంది. కస్తూరి ఎవరినీ కదలనివ్వకుండా చాలాసేపు గోడ వెనకే నిలబెట్టింది. ఆ తూటా ఎంతకీ పేలలేదు. తుపాకి పగలాలని దేవుణ్ణి వేడుకోవడం జీవితంలో ఆమెకు అదే మొదలు. దేవుడు వినలేదు.

"చూసినావు కదా. ఒగటి తుస్సుమంటే సరుకంతా చెడిపోయినట్టేనా?" అంటూ మద్దిలేటి గోడ వెనక నుంచి వచ్చి, పలుపు విప్పి తుపాకి చేతిలోకి తీసుకున్నాడు. తుస్సుమన్న తూటా తీసి పారేసి కొత్తది పెట్టాడు. "నేను పేలుస్తా చూడు. నీ అనుమానం తీరిపోతుంది."

"వద్దు!" కస్తూరి గొట్టాన్ని పట్టుకుంది. "పేల్చాల్సొస్తే నేనే పేలుస్తా. అమ్మింది నేను."

మద్దిలేటి వదిలాడు. ఆమె తుపాకిని భుజానికి ఆనించుకుంది. చెంప చెక్కకు తగిలింది. ఈ ఒక్కటి పగిలితే వీళ్ళు నమ్ముతారు అనుకుంది. పగిలితే తను ఉండదు అని కూడా అనుకుంది. వేలు ట్రిగ్గరు దాకా వెళ్ళింది, అక్కడే ఆగింది. గొట్టం మూతి కొండ మీద నిలవడం లేదు. పైకీ కిందికీ కొట్టుకుంటోంది. చెమట కళ్ళలోకి దిగింది. వెనక నీరజ ఏడుస్తూ, "అక్కా, దించెయ్ అక్కా" అంటోంది. వేలు బిగించాలని ప్రయత్నించింది. వేలు ఆమె మాట వినలేదు.

పుల్లయ్య ఏదో అనబోయాడు. మద్దిలేటి అతన్ని చేత్తోనే ఆపాడు. మెల్లగా దగ్గరికొచ్చి, గొట్టాన్ని నేలకు దించి, తుపాకిని ఆమె చేతుల్లోంచి తీసుకుని తూటా బయటికి లాగాడు.

"నీకు తుపాకి పట్టుకోవడం నేర్పించినప్పుడు మీ నాయన పక్కన నేనున్నా" అన్నాడు. "రాష్ట్రం పోటీల్లో, అంతమంది ముందర, నీ చెయ్యి రవ్వంత కదల్లే. ఇంత భయం డబ్బు కోసం నటించేది కాదు. ఈరీ, లోపల పెట్టెలన్నీ తీసుకురా."

ఈరమ్మ లోపలికి పోయి, తువ్వాలు మూట తెచ్చింది. మద్దిలేటి విప్పి చూశాడు. ఆయన చెయ్యి పెట్టెల మీదే ఆగిపోయింది.

"ఒక పెట్టె తక్కువుంది."

"రంగడు తీసుకుపోయినాడు కదయ్యా, చేని కాడికి" అంది ఈరమ్మ.

అందరూ పరుగెత్తారు.

చేను వాగు దాటాక ఉంది. వాగులో మోకాటి లోతు నీళ్ళు. కస్తూరి చెప్పులు అక్కడే పోయాయి. వాగు గట్టు ఎక్కేసరికి మంచె కనిపించింది. మంచె కింద నిలబడి రంగస్వామి తుపాకి పైకెత్తి ఉన్నాడు. చేని అవతలి అంచున నల్లగా పందుల గుంపు కదులుతోంది. మంచె మీద రేకుడబ్బా ఒకటి గాలికి గలగలమంటోంది.

"రంగా! పేల్చొద్దురా!" మద్దిలేటి గొంతు చీల్చుకుని అరిచాడు.

గాలి వాళ్ళకు ఎదురుగా ఉంది. ఆ అరుపు సగం దూరం కూడా పోలేదు. రంగస్వామి ట్రిగ్గరు నొక్కాడు. ఏమీ పేలలేదు. కస్తూరికి ఆ టక్ అన్న చప్పుడు వినబడలేదు గానీ అతని భుజం కదలని తీరు చూసి తెలిసింది. ఈ మధ్య అందరూ చేస్తున్నట్టే అతనూ విసుగ్గా తుపాకి దించాడు. తూటా తీసెయ్యడానికి గొట్టం మడిచే మీట మీద చెయ్యి వేశాడు.

"తెరవొద్దు! పారెయ్! కింద పారెయ్!" అని కస్తూరి అరిచింది.

ఈసారి అతనికి ఆడగొంతు వినబడింది. ఎవరా అని తల తిప్పాడు. తల తిప్పడం వల్లే బతికాడని తర్వాత డాక్టర్లు అన్నారు. అతని చేతుల మధ్య తెల్లటి మెరుపొకటి మెరిసింది. చప్పుడు ఆ తర్వాత వచ్చింది. పందులు అడవిలోకి పారిపోయాయి.

వాళ్ళు చేరేసరికి రంగస్వామి శెనక్కాయ చెట్ల మధ్య కూర్చుని ఉన్నాడు. అరవడం లేదు. ఎడమచేతి వైపు ఆశ్చర్యంగా చూసుకుంటున్నాడు. ఆ చేతికి బొటనవేలూ చిటికెనవేలూ తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఎడమ చెంప, కన్ను నల్లగా కమిలిపోయి ఉన్నాయి. కస్తూరి చున్నీ చింపి మణికట్టు దగ్గర బిగించి కట్టింది. ఇప్పుడు ఆమె చేతులు వణకలేదు.

నంద్యాల పెద్దాసుపత్రిలో ఆపరేషను గది బయట బెంచీ మీద ఈరమ్మ కూర్చుంది. మద్దిలేటి రక్తం ఇవ్వడానికి వెళ్ళాడు. ప్రాణానికి భయం లేదనీ, కన్ను సంగతి ఇప్పుడే చెప్పలేమనీ నర్సు చెప్పి పోయింది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఈరమ్మకు చెరో పక్కన కూర్చున్నారు. వెళ్ళిపోలేకపోయారు. వెళ్ళమని ఎవరూ అనలేదు కూడా.

ఈరమ్మ తనలో తనే మాట్లాడుకుంటోంది. "ఏం కలిపినారో, ఎవురు కలిపినారో. ఆ తూటాలకు ఏ పాపిష్టోళ్ళు ఏం చేసినారో. వాళ్ళ చేతులు పడిపోను. వాళ్ళ కండ్లు పోను. నా బిడ్డ ఏం చేసినాడని?" అంటూ ఆధారం కోసం పక్కనున్న నీరజ చెయ్యి పట్టుకుంది. "నువ్వు సదువుకున్నదానివి కదమ్మా. నువ్వు చెప్పు. ఎవురు చేసింటారు ఇది?"

కస్తూరి చెల్లెలి ముఖంలోకి చూసింది. ఏమవుతుందో ఆమెకు అర్థమైంది. వద్దని తల ఊపాలనుకుంది. ఆ గది తలుపు మీద వెలుగుతున్న ఎర్రదీపం చూసి ఊపలేకపోయింది.

"నేనేనమ్మా" అంది నీరజ.

ఈరమ్మకు అర్థం కాలేదు. నీరజ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. బావుల సంగతి, నీలంగా మారిన పిల్లల సంగతి, వాళ్ళ కోసం చేసిన బూజు సంగతి, అది తన బూట్లకు అంటుకుని అక్క గోదాముకు వచ్చిన సంగతి, అంతా చిన్న చిన్న మాటల్లో చెప్పింది. "మీ ఊళ్ళో నిలబడినప్పుడే నాకు కారణం తెలుసు. చెప్పింటే మీరు ఇంకా ముందే నమ్మేవాళ్ళు. నేను నోరు మూసుకున్నా" అంది.

"నేనే మూయించినా. దాని తప్పు కాదు" అంది కస్తూరి.

ఈరమ్మ చెయ్యి విడిపించుకుంది. లేచి నిలబడింది. నీరజ కూడా లేచి, దెబ్బకు సిద్ధమైనట్టు తల వంచుకుంది. ఈరమ్మ చెయ్యి పైకి లేచింది. చాలాసేపు గాల్లోనే ఉండిపోయింది. ఆ చెయ్యి దిగే క్షణం కోసం కస్తూరి పళ్ళు బిగించి ఎదురుచూసింది.

దెబ్బ పడలేదు.

"ఇంకా ఎవురెవురి దగ్గర ఉన్నాయి అవి?" అని అడిగింది ఈరమ్మ.

"తెలీదమ్మా. దేశమంతా ఉన్నాయి."

"వాళ్ళకు తెలుసునా?"

"తెలీదు. తుస్సుమంటాయని మాత్రమే తెలుసు. ఇట్లా అవుతుందని తెలీదు. పైనుంచి చెప్పమనేదాకా చెప్పొద్దన్నారు."

ఈరమ్మ ఆపరేషను గది తలుపు వైపు ఒకసారి చూసింది. మళ్ళీ నీరజ వైపు తిరిగింది. "అందరి కొడుకులూ ఈ పొద్దు చేని కాడ ఉంటారు కదా. మరి నువ్వు ఈడ కూసోని ఏం చేస్తాండావు?" ఆమె గొంతు కీచుగా లేచింది. "నా పక్కన కూసుంటే నా బిడ్డ చేతికి వేళ్ళు మొలుస్తాయా? పో. చెప్పుపో. నా కండ్ల ముందర ఉండొద్దు, పో!"

మెట్లు దిగుతుంటే కస్తూరి చెల్లెలి నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది. సేతుమాధవరావు దగ్గర్నుంచి ఫోను వస్తూనే ఉంది. నీరజ ఎత్తలేదు.

తుపాకి పేలి ఒకడి చెయ్యి పోయిందన్న కబురు అప్పటికే ఊళ్ళోకి పాకింది. ఆసుపత్రి గేటు దగ్గర ఓ చానెలు విలేకరి, కెమెరా మనిషి నిలబడి వచ్చేపోయేవాళ్ళను అడుగుతున్నారు. వాళ్ళ చుట్టూ జనం మూగి ఉన్నారు. ఎర్రవంకపల్లె నుంచి ట్రాక్టరులో వచ్చిన రైతులూ ఉన్నారు. వాళ్ళ మధ్య పుల్లయ్య గట్టిగట్టిగా చేతులు తిప్పుతూ మాట్లాడుతున్నాడు. ఆ చేతులను చూసి కస్తూరి ఆగిపోయింది.

"పక్క గేటు నుంచి పోదాం. పోలీసు స్టేషన్లో చెబుదాం. అక్కడైతే..."

"అక్కడ చెబితే నాలుగు గోడల మధ్యే ఉండిపోతుందక్కా. అందరికీ చేరదు" అంది నీరజ. ఆమె పెదాలు తెల్లగా ఉన్నాయి. "నువ్వు పక్కన ఉంటావా?"

"ఉంటా" అంది కస్తూరి.

జనం దారి ఇచ్చారు. విలేకరి మైకు ముందుకు చాచి, మీరు కూడా చూశారా, అసలు ఏం జరిగింది అని అడిగాడు. నీరజ మైకు వైపు ఒక అడుగు వేసింది. కస్తూరి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది, ఈసారి ఆపడానికి కాదు. చుట్టూ అందరి కళ్ళూ తమ మీదే ఉన్నాయి.

నీరజ ముందు తన పేరు చెప్పింది.